తలుపు బందులు, కబ్జాలు, కీళ్ళు: మీ ఊళ్ళో ఏమంటారు? ఏవి వేయించాలి?

గంజాం_గుమ్మం (బరంపురం)

అందరికీ నమస్కారం. మాది బడా బజార్ దగ్గర పాత వరస ఇల్లు. వీధి గుమ్మానికి సాలు చెక్కతో కొత్త తలుపు చేయించాం. ఒక వానాకాలం గడిచిందో లేదో గొళ్ళెం వైపు కింది మూల గడపకి ఒరుసుకోవడం మొదలైంది. వడ్రంగి వచ్చి, తలుపు దించి, అడుగున చిత్రిక పట్టి, కూలి పుచ్చుకుని వెళ్ళాడు. నెల తిరక్కుండా మళ్ళీ అదే గోల. ఈసారి ఒడియా వడ్రంగిని పిలిస్తే, "మూడు కబ్జాలూ మార్చాలి బాబూ" అన్నాడు. లోపల గదిలో ఉన్న మా నాన్నగారు ఆ మాట విని, "ఎవడ్రా కబ్జా చేసింది?" అంటూ కర్ర పట్టుకుని వచ్చేశారు.

అడగాల్సినవి రెండు. తలుపు 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 35 మిల్లీమీటర్ల మందం. ఇప్పుడున్నవి 4 అంగుళాల ఇనుప బందులు మూడు. వాటి బదులు ఏవి వేయించాలి? రెండోది, ఈ వస్తువుని మీ వైపు ఏమంటారు? మా ఇంట్లో అమ్మ బందులంటుంది, మా ఆవిడ కీళ్ళంటుంది (వాళ్ళది టెక్కలి), దుకాణంలో కబ్జా అంటారు, ఆన్‌లైన్‌లో హింజ్ అని కొడితే తప్ప దొరకదు.

సిరోంచ_టేకు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

అన్నా, మా దిక్కు కబ్జాలే అంటరు. గోదావరి దాటి కాళేశ్వరం పోయినా ఆ మాటనే నడుస్తది. దుకాణంల మరాఠీ సేఠ్ ఉంటే మాత్రం బిజాగరి అనాలె, లేకపోతే ముందు మొహం చూస్తడు, తర్వాత సామాను చూపిస్తడు. ఇంట్ల ముసలోళ్ళు ఏమంటరో అడిగి చెప్త.

సాలు అన్నవు కదా, అది బరువు కర్ర. టేకుతోని చేపిస్తే ఈ తిప్పలు సగం తప్పేటివి. గొప్పలు చెప్పుకునుడు కాదు గని, అయోధ్య రామాలయం తలుపులకు 2023ల టేకు పోయింది మా చంద్రపూర్, గడ్చిరోలి అడవుల నుంచే. బల్లార్షాల పూజ చేసి పంపిన్రు. ఆ తలుపులు చేసింది హైదరాబాద్ కంపెనోళ్ళు.

ఖిమిడి_పంతులు (పర్లాకిమిడి)

గుమ్మం గారూ, మీ నాన్నగారు కర్ర పట్టుకుని రావడంలో తప్పేమీ లేదు. రెండూ ఒకే మాట. అరబ్బీలో పిడికిట పట్టడాన్ని ఖబ్జ అంటారు. ఉర్దూలో కత్తి పిడినీ ఖబ్జా అంటారు, తలుపును గుమ్మానికి పట్టి ఉంచేదాన్నీ అంతే, పరాయి సొత్తును పట్టుకు కూర్చోవడాన్నీ అంతే. తెలంగాణ వైపు మూడర్థాల్లో రెండు చేరాయి. మన వైపు పేపర్ల ద్వారా ఒక్క భూకబ్జాయే చేరింది. తలుపు కబ్జా మనకి ఒడియా వడ్రంగుల నోటి నుంచి వచ్చింది.

బందు మాత్రం మనకి పాతది. గుమ్మాన్ని ద్వారబంధం అనడంలో ఉన్న బంధమే అది. రెండు రెక్కలూ ఒకదాని మీదికి ఒకటి మడతపడతాయి కనుక మడతబందు. ఫారసీ నుంచి వచ్చిన బంద్ (హర్తాళ్ళప్పుడు మనం చేసేది) దీనికి దూరపు చుట్టమే తప్ప పరాయిది కాదు. సంస్కృతమూ, ఫారసీ ఒకే మూలం నుంచి చీలిన భాషలు మరి.

ఇక మీ ఆవిడ గారి మాటే నాకు ఎక్కువ ఇష్టం. సంస్కృతంలో కీలమంటే మేకు. విష్ణు సహస్రనామం మొదట్లో న్యాసం చదువుతామే, అందులో "శంఖభృన్నందకీ చక్రీతి కీలకం" అని వస్తుంది. మంత్రాన్ని బిగించి ఉంచే మేకు అన్నమాట. పత్రికల వాళ్ళ కీలక నిర్ణయం, కీలక భేటీ అన్నీ ఆ మేకుకి తగిలించినవే. మోచేతి కీలు, కీలుబొమ్మ, కీళ్ళవాతం సరేసరి. అరవై సంవత్సరాల్లో కీలక ఒకటి ఉంది. 1968 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 2028 ఉగాదికి వస్తుంది. బతికుంటే పంచాంగం నేనే చదువుతాను.

బాడిస_బాబాయి (రాయగడ)

పంతులుగారు మేకు దగ్గరికి వచ్చారు కాబట్టి నా పని సులువైంది. నేను వడ్రంగం చేసిన ఇంటి వాణ్ణి, ఇప్పుడు చిన్న కాంట్రాక్టులు చేస్తుంటాను.

బాబూ గుమ్మం, తలుపు అడుగున చిత్రిక పట్టినవాడికి కీలెరిగి వాత పెట్టడం తెలీదు. పూర్వం కీలు నొప్పెడితే కాల్చిన ఇనుముతో వాత పెట్టేవారు. ఏ కీలో చూసుకోకుండా పెడితే నొప్పి పోదు, కాలిన పుండు మిగులుతుంది. నీ తలుపుకి అదే అయింది. ఒరుసుకునేది కింద, రోగం పైన.

లెక్క చెప్తా విను. నువ్విచ్చిన కొలతలకి సాలు తలుపు అటూ ఇటూగా 55 నుంచి 60 కిలోలుంటుంది. ఆ బరువంతా బందుల వైపు లేదు, తలుపు మధ్యలో, అంటే బందుల నుంచి అడుగున్నర దూరంలో వేలాడుతోంది. కాబట్టి తలుపు ఊరికే కిందికి దిగదు, పై బందుని గుమ్మం నుంచి బయటికి లాగుతుంది, కింది బందుని గుమ్మంలోకి నొక్కుతుంది. పై బందుకీ కింది బందుకీ మధ్య 1.7 మీటర్లు ఉందనుకో, పై బందు మీద అడ్డంగా లాగేది 15 కిలోల పైచిలుకు. ఆ దూరం సగానికి తగ్గితే లాగుడు రెట్టింపు. అందుకే పై బందు పైనుంచి 6, 7 అంగుళాల లోపు, కింది బందు కిందినుంచి 10 అంగుళాల లోపు ఉండాలంటాం.

ఇప్పుడు ఈ పరీక్ష చెయ్యి. తలుపు సగం తెరువు. గొళ్ళెం వైపు అంచుని రెండు చేతులా పట్టి పైకి ఎత్తు. ఇంకొకర్ని పై బందుని చూడమను. రెక్క గుమ్మం చెక్క నుంచి లేచి మళ్ళీ అంటుకుంటుంటే స్క్రూలు పట్టు తప్పాయి. రెక్క కదలకుండా మధ్య గొట్టంలో కడ్డీ ఊగుతుంటే బందే అరిగింది. ఏదీ కదలకపోతే చెక్క ఉబ్బింది. అప్పుడు గొళ్ళెం వైపు సందు పైనుంచి కిందిదాకా ఒకేలా తగ్గి ఉంటుంది, ఒక్క మూల మాత్రమే తగలదు. చూసి చెప్పు.

గంజాం_గుమ్మం

చూశాను బాబాయ్. పై బందు రెక్క ఒక వైపు వేలి గోరు దూరేంత లేస్తోంది. నాలుగు స్క్రూల్లో రెండు చేత్తోనే తిరుగుతున్నాయి. ఒకటి పైకి లాగితే వచ్చేసింది, దాని మరలు గుండ్రంగా నున్నగా ఉన్నాయి.

బాడిస_బాబాయి

సుత్తి దెబ్బ. స్క్రూని మేకులా కొట్టి, చివర రెండు తిప్పులు తిప్పి వదిలేశాడు. సాలు లాంటి గట్టి కర్రలో ముందు సన్నని కన్నం వెయ్యకుండా స్క్రూ దిగదు, బలవంతం చేస్తే తల తెగుతుంది. ఆ బాధ పడలేక సుత్తి పడతారు. కొట్టినప్పుడు మర చెక్కలో పొరల్ని చీల్చేస్తుంది, తర్వాత అది పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

పని ఇది. స్క్రూలు తీసేసి కన్నాలు గుండ్రంగా శుభ్రం చెయ్యాలి. ఎండిన వెదురు పుల్లో, సాలు చెక్క చీలో గుండ్రంగా చెక్కి, ఫెవికాల్ రాసి బిగువుగా దిగగొట్టాలి. ఒక రాత్రి వదిలెయ్యాలి. మర్నాడు మట్టంగా కోసి, సన్న కన్నం వేసి, 2 అంగుళాల పైన పొడవున్న స్క్రూలు స్క్రూడ్రైవర్‌తోనే దించాలి. మరకి కాస్త సబ్బు రాస్తే సాఫీగా దిగుతుంది. అగ్గిపుల్లలు కుక్కేవాళ్ళుంటారు, అది కిటికీ రెక్కకి చాలు, వీధి తలుపుకి చాలదు.

సిరోంచ_టేకు

బాబాయ్ చెప్పింది కరెక్టే, గని మూడో కబ్జ ఎక్కడ ఉండాలెనో చెప్పలె. మా దగ్గర నడిమిట్ల పెడితే మేస్త్రి తిడ్తడు. పై కబ్జకు జానెడు కిందనే పెట్టాలె. లాగుడు మీదనే ఉన్నదని నువ్వే అంటివి కదా, మరి సాయం అక్కడనే కావాలె.

బాడిస_బాబాయి

బరువు మోయడానికైతే నీ మాటే. కానీ మధ్య బందు బరువు కోసం కాదు తమ్ముడూ. చెక్క తలుపు వానాకాలం నీళ్ళు తాగి, వేసవిలో ఎండి, విల్లులా వంగుతుంది. నడుముకి ఒక పట్టు ఉంటే ఆ వంపు ఆగుతుంది. టేకు తక్కువ వంగుతుంది కాబట్టి మీ మేస్త్రికి నడుం గొడవ లేదు. మా సాలుకి ఉంది. నేనైతే అలాంటి తలుపుకి నాలుగు వేస్తాను: పైన దగ్గర దగ్గరగా రెండు, నడుమ ఒకటి, కింద ఒకటి.

సిరోంచ_టేకు

నాలుగా! ఆ పైసలకు కిటికీ అయితది.

నోలియా_నావ (గోపాల్‌పూర్)

ఎన్ని వేస్తారన్నది తర్వాత, దేనితో చేసినవి వేస్తారన్నది ముందు. మాకు ఇక్కడ బీచ్ వెనకాల నాలుగు గదుల లాడ్జి ఉంది. ఉప్పుగాలికి ఇనుప బందులు రెండేళ్ళు ఆగితే గొప్ప. గొట్టంలో తుప్పు పట్టి కడ్డీ బిగుసుకుంటుంది, అప్పుడు తలుపు తెరిచినప్పుడల్లా కడ్డీ బదులు స్క్రూలు తిరుగుతాయి. బరంపురం సముద్రానికి కాస్త దూరమే అయినా గాలి అదేగా.

దుకాణంలో స్టీలు బందులు అని ఇచ్చేవాటిలో చాలావరకు 202 రకం. నికెల్ తక్కువ, అందుకే చవక, అందుకే ఎర్రటి మచ్చలు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 316లో దానికి తోడు మాలిబ్డినం 2, 3 శాతం ఉంటుంది, ఉప్పుని తట్టుకునేది అదీ. దుకాణదారు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోవట్లేదు, అసలు సరుకు" అంటాడు. నమ్మకండి, 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. ఆ ఆటతో తేలేది అది మామూలు ఇనుము కాదని మాత్రమే. పెట్టె మీద అచ్చు, బిల్లులో రకం రాయించుకోవడం, ఇవే దారులు. మీకు 304 చాలు, మాలాగ ఒడ్డునుంటే 316.

ఇత్తడి కావాలంటే స్క్రూలూ ఇత్తడివే వెయ్యాలి. ఇత్తడి బందుకి ఇనుప స్క్రూ వేస్తే తడి తగిలినప్పుడల్లా ఇనుమే తినేసుకుంటుంది. ఇత్తడి స్క్రూ మెత్తన, గట్టి కర్రలో తల విరుగుతుంది. ముందు అదే సైజు స్టీలు స్క్రూ దించి, మర పడ్డాక తీసేసి, ఇత్తడిది దించండి.

జయపురం_ఫిజియో (జయపురం, కొరాపుట్ జిల్లా)

పంతులుగారి కీళ్ళ మీద ఒక మాట. నేను పార్వతీపురంలో తెలుగు మీడియంలో చదివాను. మా సైన్సు పుస్తకంలో మోచేతిని మడతబందు కీలు అనే రాశారు. బంతిగిన్నె కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు, మడతబందు కీలు. తలుపు మాటలు రెండూ ఒకే పేరులో ఉన్నాయి చూడండి! ఇంగ్లీషులో చదివినవాళ్ళకి హింజ్ జాయింట్ అని బట్టీ పట్టాల్సి వచ్చింది, మేం తలుపు తీసి చూసుకున్నాం.

మోకాలిని కూడా ఆ జాబితాలోనే వేస్తారు కానీ అది సిసలైన మడతబందు కాదు. కాలు పూర్తిగా చాపేటప్పుడు చివర్లో కింది ఎముక కొద్దిగా బయటికి మెలి తిరిగి బిగుసుకుంటుంది. నిలబడినప్పుడు తొడ కండరాలకి ఊరట దొరికేది ఆ బిగింపు వల్లే. 1950ల్లో పెట్టిన తొలి కృత్రిమ మోకాళ్ళు కొన్ని అచ్చంగా తలుపు బందుల్లా ఒక్క కడ్డీ మీదే తిరిగేవి. మెలికకి చోటు లేదు. ఆ మెలిక బలమంతా ఎముకలోకి దింపిన కాడ మీద పడి అది వదులైపోయేది. బాబాయి చెప్పిన స్క్రూ కథే ఇది. ఇప్పటివాటిలో చాలావాటికి ఆ కడ్డీయే ఉండదు.

నోలియా_నావ

కీళ్ళ లెక్క తీస్తే ఆల్చిప్పనీ చేర్చండి మేడం. దాని వెనక ఉన్న బందు మన తలుపులకి తిరగేసి ఉంటుంది. దాని స్ప్రింగు లాంటి పట్టీ చిప్పల్ని ఎప్పుడూ తెరవాలనే చూస్తుంది. లోపలి కండ లాగి మూసి ఉంచుతుంది. అందుకే బతికున్నది మూసుకుంటుంది, చచ్చింది నోరు తెరుస్తుంది. చిలికా వైపు ఉడకబెట్టేటప్పుడు చూడండి, కండ మెత్తబడగానే వాటంతట అవే టపటపా తెరుచుకుంటాయి. వండకముందే తెరుచుకుని, తట్టినా మూసుకోకపోతే దాన్ని పారేస్తాం.

దెగ్లూరు_మగ్గం (దెగ్లూరు, నాందేడ్ జిల్లా)

నాకు హింజ్ అంటే ముందు గుర్తొచ్చేది తపాలా బిళ్ళలు. బిళ్ళని ఆల్బమ్‌లో అతికించే చిన్న మడత కాగితాన్ని హింజ్ అంటాం. ఒక సగం బిళ్ళ వెనక, ఇంకో సగం పేజీ మీద. ఎత్తి వెనక చూడొచ్చు. కాకపోతే అది తీస్తే గమ్ మీద మచ్చ పడుతుంది, ధర పడిపోతుంది. అందుకే అమ్మేవాళ్ళు నెవర్ హింజ్డ్ (ఎప్పుడూ హింజ్ అతికించనిది) అని గొప్పగా రాస్తారు.

ఇంకోటి. మా ఇంట్లో తాతల నాటి తలుపుకి బందులే లేవు. తలుపు చెక్కకే పైనొక బొడిపె, కిందొక బొడిపె. పైది గుమ్మం కన్నంలో, కిందిది రాతి గుంతలో తిరుగుతాయి. గుంతలో ఆముదం చుక్క వేస్తే చాలు. పాత కోటల గుమ్మాల దగ్గర నేలలో గుండ్రటి గుంతలు కనిపిస్తాయి, అవి ఇవే. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అసీరియా వాళ్ళ బలావాత్ తలుపులు, క్రీస్తుకి పూర్వం 9వ శతాబ్దివి, అలాగే రాతి గుంతల్లో తిరిగేవి.

ఖిమిడి_పంతులు

రోమన్లు ఆ తిరిగే బొడిపెని కార్డో అనేవారు. వాళ్ళ ఊళ్ళలో ఉత్తర దక్షిణాలుగా వేసే పెద్ద వీధినీ కార్డో అన్నారు. దాన్నుంచే కార్డినల్ వచ్చింది, ముఖ్యమైన నాలుగు దిక్కులూ, చర్చి పెద్దలూ. మన కీలకం లాగానే వాళ్ళదీ తలుపు దగ్గర మొదలై పెద్దరికానికి ఎక్కింది.

దెగ్లూరు వారి తలుపుకి బరువంతా రాతి మీద. లాగే స్క్రూ లేదు. బాబాయి గారు ఒప్పుకుంటారా?

బాడిస_బాబాయి

ఒప్పుకుంటాను. అడ్డంగా లాగేది పై కన్నం ఎలాగూ మోస్తుంది, కానీ కన్నం చెక్క మొత్తం మోస్తుంది, నాలుగు మరలు కాదు. దాని ఇబ్బంది వేరే. తలుపు దించాలంటే గుమ్మం పై కమ్మి విప్పాలి. వరద వస్తే కింది గుంతలో మట్టి చేరి తిరగదు.

అగ్గిపుల్ల_99 (గుణుపూర్)

పంతులుగారూ, అగ్నికీల కూడా ఈ కీలేనా? అక్కడ మేకు ఎక్కడుంది? అలాగే కబ్జ్ అంటే హిందీలో మలబద్ధకం కదా, అదీ మీ పిడికిలేనా?

ఖిమిడి_పంతులు

రెండోదానికి అవును, అదే ధాతువు, పట్టు వదలకపోవడం. మొదటిది, సంస్కృతంలో కీల అన్న మాటకి మేకుతో పాటు మంట అన్న అర్థమూ నిఘంటువుల్లో ఉంది. మంట కొస మేకులా ఉంటుంది కాబట్టి అని సరిపెట్టేవాళ్ళున్నారు. నేను సరిపెట్టను. మాట ఒకటే అయినంత మాత్రాన కథ ఒకటే కానక్కర్లేదు.

కాపలాదారు (నిర్వాహకులు)

కబ్జ్ దగ్గర ఆగుదాం. గుమ్మం గారి తలుపు ఇంకా ఒరుసుకుంటూనే ఉంది.

గంజాం_గుమ్మం

ఒరుసుకోవడం లేదండి! నిన్న పై బందుకి వెదురు పుల్లలు దిగగొట్టించి, ఈరోజు పొద్దున పొడవు స్క్రూలు వేయించాను. ఒడియా మేస్త్రి సబ్బు ముక్క చూసి నవ్వాడు, తర్వాత తన సంచిలో వేసుకున్నాడు. మూల లేచింది. అడుగున ముందు చిత్రిక పట్టేసిన చోట ఇప్పుడు అర అంగుళం సందు, బల్లులొస్తున్నాయి. దానికి పట్టీ వేయిస్తా. 304 బందులు 5 అంగుళాలవి ఆర్డర్ పెట్టాలి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చేద్దామా అని కూడా ఆలోచన. ఫైలిన్ తుఫాను నాడు లోపలికి తెరుచుకునే తలుపులకి అందరం బీరువాలు అడ్డం పెట్టాం.

నోలియా_నావ

2013 అక్టోబర్ 12 రాత్రి. అది తీరం దాటింది మా నెత్తి మీదనే. గంటకి 200 కిలోమీటర్ల గాలంటే చదరపు మీటరుకి 185 కిలోల పైన తోపు. మీ తలుపు రెండు చదరపు మీటర్లకి కాస్త తక్కువ, అంటే దాని మీద 350 కిలోల పైమాటే. లోపలికి తెరుచుకునే తలుపైతే ఆ తోపంతా గొళ్ళెం, బందుల స్క్రూల మీద. బయటికి తెరుచుకునేదైతే గుమ్మం చెక్కే ఆనుకుని మోస్తుంది. గాలి తిరగబడ్డప్పుడు లాగే బలం కూడా ఉంటుంది కాబట్టి గడియలు పైనా కిందా రెండు పెట్టించండి.

బాడిస_బాబాయి

బయటికి తిప్పితే బందు గొట్టం వీధిలోకి వస్తుంది బాబూ. మామూలు బందైతే దొంగ కడ్డీ కింది నుంచి కొట్టి బయటికి లాగేస్తాడు, గొళ్ళెం వేసే ఉంటుంది, తలుపు అటువైపు నుంచి ఊడొస్తుంది. కడ్డీ రెండు వైపులా అదిమి, ఊడకుండా చేసినవి అడిగి తీసుకో. వీధి గోడకి తలుపు పూర్తిగా ఆనాలంటే పార్లమెంట్ హింజ్ అనేవి ఉంటాయి, రెక్కలు పొడుగ్గా హెచ్ అక్షరంలా ఉంటాయి. అవి వేసే ముందు మీ వీధిలో ఆటో తిరిగే జాగా ఉందో లేదో చూసుకో.

అగ్గిపుల్ల_99

బాబాయ్, మా వంటింటి అల్మరా తలుపులు కూడా వాలిపోయాయి. వాటికీ వెదురు పుల్లలేనా?

బాడిస_బాబాయి

అవి ఆటో హింజెస్ అయితే (లోపల గిన్నెలాంటి గుంత, 35 మిల్లీమీటర్లది) ముందు ఏమీ పీకకు. దాని చేతిలాంటి పొడుగు ముక్క మీద రెండు స్క్రూలుంటాయి. ముందున్నది తిప్పితే తలుపు పక్కకి జరుగుతుంది, వెనకది వదులు చేస్తే ముందుకీ వెనక్కీ. వాలిపోయిన తలుపుకి పై హింజ్ ముందు స్క్రూ సగం తిప్పు చాలు. అప్పటికీ నిలబడకపోతే ప్లైవుడ్‌లో గిన్నె చుట్టూ చెక్క నానిందేమో చూడు. సింక్ కింద అల్మరాయేనా?